పెంటకుప్ప మీద పానపాత్రలు

ఒకానొక రాజ్యంలో ప్రతాపమార్తాండుడనే రాజుగారుండేవారు. ఆ రాజ్యం పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, తన కీర్తి ముల్లోకాలకూ పాకిందని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి రోజూ నీళ్లు పోసి పెంచే ఉద్యోగం ఆస్థాన పండితుడు వాగీశ్వరశాస్త్రిది.

ఒక తొలకరిలో రాజుగారి గోశాల వెనక పెంటకుప్ప మీద గోధుమరంగు గిన్నెల్లాంటివి మొలిచాయి. కాడ లేదు, గొడుగు లేదు, ముట్టుకుంటే చెవితమ్మెలా మెత్తన. ఇవేమిటని రాజుగారు అడిగారు. తెలియదనడం శాస్త్రిగారికి అలవాటు లేదు. వంగి, ముక్కు దగ్గర పెట్టి పరిశీలించారు. ఆయన ఊపిరి తగలగానే గిన్నెలోంచి సన్నగా పొగ లేచింది.

"యజ్ఞధూమం ప్రభో! ఇవి దేవతల పానపాత్రలు. భూలోకంలో ఎవరి కీర్తి అందరికన్నా గొప్పదో, వారి ఇంటనే మొలుస్తాయి" అన్నారు శాస్త్రిగారు.

ఇంకేముంది, కుప్పకు పందిరి వేశారు. ఈటెలతో ఇద్దరు భటులు కాపలా నిలబడ్డారు. ఆ పెంటను ముట్టుకున్నవారికి దేశబహిష్కారమని చాటింపు వేశారు.

ఆ చాటింపు గోశాలలో పేడ ఎత్తే పైడమ్మ చెవిన పడింది. ఏటా దుక్కికి ముందు ఆ ఎరువును ఊరి రైతులకు పంచడం ఆనవాయితీ. అది పడకపోతే ఆ చవిటి నేలలో పంట రాదు. బళ్లు కట్టుకుని వచ్చినవాళ్లు పెంటకు దండం పెట్టి, ఉత్త బళ్లతో తిరిగి వెళ్లారు. పైడమ్మకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. ముప్ఫై ఏళ్లుగా ప్రతి వానకూ ఆ గిన్నెల్ని పారతో ఎత్తిపోస్తోంది. నా గిన్నె ఏదని ఏ దేవతా వచ్చి అడగలేదు.

మర్నాడు ఆమె ఒక తట్ట మీద గుడ్డ కప్పి సభకు తీసుకెళ్లింది. గుడ్డ తీసి, లోపలి గిన్నెలు చూపించి, ఇవీ ఆ పాత్రలేనేమో చూడమని శాస్త్రిగారిని వేడుకుంది. ఆయన ఊదారు. పొగ లేచింది. సందేహమే లేదు, అవేనన్నారు.

"పొరపాటేమీ లేదు కదండీ?"

"నేను పొరపడటమా?" అని నవ్వారు శాస్త్రిగారు.

పైడమ్మ రాజుగారికి దండం పెట్టింది. "ఏలినవారి కుప్ప మీద పదకొండే ఉన్నాయి దొరా. ఇవి శాస్త్రిగారి పెరట్లో పెంట మీదవి. అక్కడ ఇంకా మూడు తట్టలున్నాయి."

రాజుగారి చెయ్యి మీసం మీదకు పోయింది. "అయితే శాస్త్రీ, నీ కీర్తి మా కీర్తికి మూడు తట్టలు ఎక్కువన్నమాట."

శాస్త్రిగారికి సంగతి అర్థమైంది. పాండిత్యమో, మెడో, ఏదో ఒకటే దక్కేలా ఉంది. ఆయన మెడనే ఎంచుకున్నారు.

"వట్టి కుక్కగొడుగు జాతి ప్రభో. పేడ ఉన్నచోటల్లా మొలుస్తుంది."

మరి ఆ పొగేమిటని రాజుగారు పైడమ్మను అడిగారు. అది దాని విత్తనమనీ, గాలి తగిలితే చిమ్ముతుందనీ ఆమె చెప్పింది. పేరేమిటన్నారు.

"పారతో ఎత్తిపోసేదానికి పేరెందుకు దొరా?"

రాజుగారు ఒక క్షణం కళ్లెర్రజేసి, ఆపైన పకపకా నవ్వారు. అప్పటిదాకా బుగ్గలు బిగబట్టిన సభ అనుమతి దొరికిందని నవ్వింది. రాజుగారు చేతి కంకణం తీసి ఇచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు. రెండు కుప్పలూ రైతులకిప్పించమంది పైడమ్మ.

ఆ పూటే భటుల చేతుల్లోకి ఈటెల బదులు పారలు వచ్చాయి. మొదటి తట్ట శాస్త్రిగారే ఎత్తాలని రాజాజ్ఞ. ఆయన ఎత్తారు. ఎత్తుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టారట, మళ్లీ ఎక్కడ యజ్ఞం మొదలవుతుందోనని.