మాస్టారి వీపు

చర్చిలో ఆరాధన మొదలయ్యే ముందు గిటారు శ్రుతి చేసుకునేటప్పుడు జకరయ్య మాస్టారు ఎప్పుడూ క్వయర్ పిల్లలకు వీపు తిప్పి కూర్చునేవారు. పక్కన ఆయన భార్య రాహేలమ్మ హార్మోనియం మీద ఒకే స్వరం నొక్కిపట్టి ఉండేది. అసలు కిటుకంతా ఆ వీపు అవతలే ఉందనీ, అది ఎవరి చెవినా పడకూడదనే ఆవిడ చేత ఆ మోత పెట్టిస్తున్నారనీ హెప్సిబాకు గట్టి అనుమానం.

హెప్సిబా పేరుకే ఆయన శిష్యురాలు. నేర్చుకున్నదంతా ఫోన్‌లో వీడియోలు చూసి, వేళ్లకు కాయలు కాసేదాకా వాయించి, తనంతట తానే. శ్రుతి చూపించే యాప్‌ను కూడా నమ్మేది కాదు. లావు తీగ ఎలా ఉంటే అలా వదిలేసి, మిగతావి దానికి కలుపుకునేది. రేపు ఆదివారం మొదటిసారి కీర్తనకు వాయించాలి. చెడిందా, క్వయర్‌లో గిటారు కుర్చీ మళ్లీ దక్కదు. అందుకే శనివారం ప్రాక్టీసుకు అందరికంటే ముందే వచ్చి, నిలదీసినట్టే అడిగింది.

"గురువు లేకుండా ఈ విద్య రాదా మాస్టారూ? లేక మీరేమన్నా దాస్తున్నారా?"

ముందు వాయించమన్నారు ఆయన. వాయించింది. హార్మోనియం తుడుస్తున్న రాహేలమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది, అంత బాగుంది. హెప్సిబా గిటారు అక్కడ పెట్టి మంచినీళ్లు తాగి వచ్చాక, ఈసారి హార్మోనియంతో కలిపి వాయించమన్నారు. పల్లవి దాటలేదు. ప్రతి స్వరమూ పంటి కింద రాయిలా తగిలింది.

ముందు హార్మోనియం పాతదైపోయిందంది. ఆ తర్వాత తను నీళ్లకెళ్లిన సంగతి గుర్తొచ్చి, తన గిటారు బిరడాలేమన్నా తిప్పారా అని మాస్టారిని మొహం మీదే అడిగేసింది.

ఆయన నొచ్చుకోలేదు. మళ్లీ హార్మోనియం లేకుండా వాయించి చూడమన్నారు. ఇందాకటిలాగే నిఖార్సుగా పలికింది. ఇక ఎవర్ని అనుమానించాలో హెప్సిబాకు తోచలేదు.

"మరి అటు తిరిగి ఏం చేస్తారు?" అంది, గొంతు తగ్గించి.

రాహేలమ్మకు నవ్వాగలేదు. "ఆయనకు ఎడమ చెవి వినపడదే పిల్లా. కుడి చెవి నా పెట్టెకు అప్పగిస్తే, మీకు వీపు కాక ఇంకేం మిగులుతుంది?" అంటూ ఎప్పటి స్వరమే నొక్కిపట్టింది.

ఇన్నాళ్లూ దాపరికమనుకున్న ఆ మోతను హెప్సిబా మొదటిసారి చెవిపెట్టి విన్నది. లావు తీగ మీటింది. హార్మోనియం స్వరంతో కలవలేదు, దాని దారి దానిదే.

"అయితే రేపు వాయించనా, వద్దా?"

మాస్టారు తన కుర్చీ జరిపి హార్మోనియం పక్కన ఆమెకు చోటిచ్చారు.

"నీ తీగలు వాటిలో అవి చక్కగా ఒప్పుకున్నాయి తల్లీ," అన్నారు. "బయట ఎవర్నన్నా అడిగాయా?"