చాపతో రానిది

మందపల్లి కోటలో సర్వభోగరాయుడనే రాజుండేవాడు. ఎక్కడ మంచి సామాను కంటపడినా కోటకు తెచ్చేసేవాడు. నగిషీ మంచాలు, భోషాణాలు, ఏనుగుకాళ్ల కుర్చీలు కిక్కిరిసిపోయి, తన పడకగదిలోకి తనే పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. పడుకుంటే మాత్రం కునుకు పట్టేది కాదు.

ఒకరోజు వేటకెళ్లి, ఎండకు తాళలేక, చాపలల్లే పైడమ్మ ఇంట్లో ఆగాడు. అలికిన నేల, సున్నం వేసిన గోడలు, ఒక కిటికీ, ఒక చాప. అంతే. నడుం వాల్చిన రాజు పొద్దువాలేదాకా లేవలేదు.

"ఈ చాపలో ఏదో మహిమ ఉంది" అని దాన్ని అడిగి పట్టుకుపోయాడు. గదిలో చోటు లేక, మంచాల సందులో సగం మడిచి పరిచాడు. నిద్ర రాలేదు సరికదా, మంచంకోడు తగిలి నుదురు బొప్పి కట్టింది.

మర్నాడు పైడమ్మను పిలిపించాడు. "నాకు వేరే చాప అంటగట్టావు. నిజం చెప్పకపోతే ఊళ్లోంచి వెళ్లగొడతా."

"చాప అదే మారాజా. మీరు చాపొక్కటే తెచ్చుకున్నారు. దాని చుట్టూ ఉన్న ఖాళీని మా ఇంట్లోనే వదిలేశారు."

రాజు బొప్పి తడుముకున్నాడు. "సరే, బండ్లు పంపిస్తా. ఆ ఖాళీ కూడా ఎక్కించు."

"పంపండి. కాకపోతే మా ఇంటికి కాదు, మీ పడకగది గుమ్మానికి. అక్కడ బండ్లు నిండేకొద్దీ అదే వస్తుంది."

సాయంత్రానికి గదిలో చాప ఒక్కటే మిగిలింది. రాజు ఆదమరిచి నిద్రపోయాడు. లేచాక సంతోషం పట్టలేక పైడమ్మకు ఒక నగిషీ మంచం బహుమానంగా పంపాడు.

ఆమె దాన్ని గుమ్మంలోంచే తిప్పి పంపేసింది. "ఇది లోపల పెడితే, ఈసారి ఎండనపడి వచ్చినప్పుడు రాజుగారు ఎక్కడ పడుకుంటారో కనుక్కురండి" అంది.