చిటికెన వేలి తాళం

అనగనగా ఒక ఊరు. ఎక్కడుందనుకున్నావే అమ్మడూ? నీలాంటి ఓ పిల్ల తలకాయలో. ఆ పిల్ల పేరు వరాలు.

ఆ ఊళ్ళో లక్షలమంది పనివాళ్ళు ఉంటారులే, మన కథకి ముగ్గురు చాలు. నూకాలు దీపాలు వెలిగిస్తే వరాలుకి మెలకువ. పైడమ్మ వాటిని ఆర్పేస్తే నిద్ర. ఒకరు పనిలో ఉంటే రెండోవాళ్ళు నోరు మూసుకోవాల్సిందే. మూడోవాడు తాళాల అప్పన్న. కల మొదలవగానే వరాలు కాళ్ళకీ చేతులకీ గొంతుకీ తాళాలు వేస్తాడు, కలలో గెంతితే మంచం మీంచి నిజంగా గెంతకుండా. కల అవగానే తీస్తాడు. పాపం, ఉత్త అమాయకుడు.

ఓ రాత్రి పైడమ్మ దీపాలు ఆర్పింది. ముందు కునుకు, ఆ తర్వాత గాఢనిద్ర, అప్పుడు కల. అప్పన్న తాళాలు వేశాడు. ఇట్టే కల అయిపోయింది, తీశాడు. మళ్ళీ కునుకు, మళ్ళీ గాఢనిద్ర, మళ్ళీ కల. ఈసారి కాస్త పొడుగు. "ఇందాక ఇంతసేపు లేదే!" అని అప్పన్న బుర్ర గోక్కున్నాడు.

మూడోసారి కల ఎంతకీ తెమల్లేదు. వరాలు కలలో మేడెక్కి దూకబోతోంది. అప్పుడు వంటింట్లో పిల్లి చెంబు దొర్లించింది. నూకాలు ఉలిక్కిపడి దీపాలన్నీ వెలిగించేసింది.

వరాలు కళ్ళు తెరిచింది. చెయ్యి లేవదు. అమ్మమ్మని పిలుద్దామంటే గొంతు పెగలదు. హడలిపోయింది పిల్ల.

"తాళాలు తియ్యరా, పిల్ల లేచింది!" అంది నూకాలు.

"తీశావో, దూకేస్తది! కల ఇంకా అవలేదు," అంది పైడమ్మ, నోరు మూసుకోవాల్సింది పోయి.

దీపాలు చూస్తే మెలకువ, మేడ చూస్తే కల. ఏది నిజమో అప్పన్నకి అంతు పట్టలేదు. తాళంచెవుల గుత్తి పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. ఇంతలో వరాలు కంట్లోంచి నీళ్ళు కారాయి. అది చూసి వాడు తిరగడం ఆపేశాడు.

అప్పుడు అన్నిట్లోకీ చిన్న తాళం ఒక్కటే తీశాడు, చిటికెన వేలిది. కలే అయితే మాత్రం, ఆ ఒక్క వేలు ఎక్కడికి దూకుతుంది? వేలు కదిలింది. మెల్లగా జరిగి, పక్కన పడుకున్న అమ్మమ్మ చెయ్యి గోకింది. అమ్మమ్మ లేచి ఆ వేలు పట్టుకుంది.

"మెలకువే!" అని కేకేశాడు అప్పన్న. ఆ తర్వాత తాళాలన్నీ టపటపా తీసేశాడు. వరాలు గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విని వాడెంత సంబరపడ్డాడో!

ఏమే, నిన్న రాత్రి నా చెయ్యి గోకిందెవరే? అందుకేగా ఇవాళ పడుకోనని ఈ పేచీ? అప్పన్న కాస్త తికమక మనిషే గానీ, తాళం తియ్యకుండా ఎప్పుడూ పోడు. ఏదీ, ఆ చిటికెన వేలు ఇలా ఇవ్వు. పట్టుకునే ఉంటాను.

కథేమో కంచికి,
తాళాలేమో కొక్కేనికి,
నువ్వేమో నిద్దట్లోకి.