వకుళ ముత్యాల వల

బందరు పక్కన చిలకలపూడిలో వకుళ అనే అమ్మాయి ఉండేది, ఎదుటివాళ్ళు తన వంక కళ్ళప్పగించి చూడకపోతే ఆ పూట ఆమెకు అన్నం సయించేది కాదు. పిల్ల మంచిదే. బుద్ధిగా చదువుకునేది, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. కానీ పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా అందరికంటే వేరుగా కనిపించాలి. అదొక్కటే పిచ్చి.

చిలకలపూడి అంటే తెలుసుగా, గిల్టు నగల ఊరు. వకుళ మేనమామ సోమాచారి అక్కడ నగలు చేసేవాడు. అమ్మమ్మ నాంచారమ్మ ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆ నగల్ని కుంకుడు రసంలో వేసి తోమి మెరుగు పెట్టేది. తోమి తోమి ఆవిడ వేళ్ళు బీటలువారాయి, అరచేతులు గరుకుతేలాయి. వకుళను పెంచింది ఆ చేతులే. తల్లి జానకి ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ డ్యూటీలే. పిల్ల బడికి బయల్దేరినా, కొత్త గౌను వేసుకున్నా, ఊరికే నవ్వినా సరే, నాంచారమ్మ రెండు చేతులతో ఆ బుగ్గలు నిమిరి, వేళ్ళు తన కణతలకు ఆనించుకుని పటపటా మెటికలు విరిచేది. "నా తల్లికి ఎంత దిష్టో చూశారా!" అనేది. వకుళ కాలేజీకి వెళ్ళే వయసొచ్చినా ఆవిడ ఆ అలవాటు మానలేదు.

ఒకరోజు వకుళ కాలేజీ లైబ్రరీ నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. ఐదువందల ఏళ్ళ కిందట ఇటలీ చిత్రకారులు గీసిన దొరసానుల బొమ్మలవి. అబ్బో, ఏం నగలు! నుదుటి చుట్టూ సన్నని గొలుసు, దాని నడుమ ఒక ఎర్రరాయి. జుట్టంతా ముత్యాల వలలో. మెడను అంటిపెట్టుకుని ముత్యాల పట్టీ, దానికి కన్నీటిచుక్కలా వేలాడే పెద్ద ముత్యం. వకుళ ఆ పుస్తకం పట్టుకుని మేనమామ దగ్గరికి పరుగెత్తింది.

"మామయ్యా, హైమ వదిన పెళ్ళికి నాకివి చేసిపెట్టు."

హైమ సోమాచారి కూతురే. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"బాగానే ఉన్నాయే. ఇంతకీ పెళ్ళికూతురు హైమా, నువ్వా?"

"పో మామయ్యా!"

"సరేలే, చేస్తాను. ఈ వల మాత్రం పట్టుదారంతో అల్లుతాను. మెత్తగా ఉంటుంది."

"వద్దు, దారమైతే జారిపోతుంది. బొమ్మలో ఎంత బిగువుగా ఉందో చూడు. తీగతోనే అల్లు."

"ఆవిడంటే బొమ్మ గీయించుకోవడానికి కదలకుండా కూర్చుంది. పెళ్ళింట్లో నువ్వలా కూర్చుంటావా?"

"కూర్చుంటాను," అంది వకుళ.

మేనకోడలి మాట ఆయన ఏనాడు కాదన్నాడు గనక! తీగతోనే అల్లాడు.

పెళ్ళి రోజు వచ్చింది. పొద్దున్నే వకుళ ఆ నగలన్నీ పెట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఎంత బాగుందో! జానకి పనిచేస్తున్నదల్లా ఆగిపోయి, "ఎవరమ్మా ఈ దొరసాని?" అంది. నాంచారమ్మ మొహం విప్పారింది. గబగబా దగ్గరికొచ్చి రెండు చేతులూ చాచింది.

"చెయ్యి పెట్టకు అమ్మమ్మా!" అంటూ వకుళ వెనక్కి తగ్గింది. "అన్నీ చెదిరిపోతాయి. నీ చేతులు గరుకు, తీగకి పట్టుకుంటాయి."

నాంచారమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆవిడ వాటిని తిప్పి చూసుకుంది.

"అవునమ్మా, నిజమే," అని కొంగు కింద దాచుకుంది.

ఆవిడకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది, నాలుగు తిట్టి మరిచిపోయేది. పాపం, నగలు తన చేతులకి పాడవుతాయేమోనని నిజంగానే భయపడింది.

పెళ్ళి హాల్లో వకుళ కోరుకున్నదంతా జరిగింది. ఆడవాళ్ళు చుట్టూ మూగి, "ఎక్కడ చేయించావమ్మా?" అని అడిగారు. ఫోటోగ్రాఫరు పెళ్ళికూతురిని వదిలేసి ఈమె వెంటపడ్డాడు. వకుళ మెడ తిప్పకుండా, తల వంచకుండా, నవ్వితే గొలుసు కదులుతుందేమోనని నవ్వకుండా కూర్చుంది.

అలా కూర్చునే ఒకటి చూసింది. తలంబ్రాలయ్యాక నాంచారమ్మ హైమ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. పక్కనున్న చిన్నపిల్లలకీ విరిచింది. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళ చంటిపిల్లకు కూడా విరిచింది. వకుళ దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని, చిన్నగా నవ్వి, ఒక అడుగు దూరంగా తప్పుకుని వెళ్ళిపోయింది. ఆ అడుగు దూరం వకుళకు గుండెల్లో కలుక్కుమంది. పిలుద్దామనుకుంది. ఇంతలో ఫోటోగ్రాఫరు, "ఇటు చూడండి మేడమ్!" అన్నాడు. వకుళ అటే చూసింది.

భోజనాలయ్యాక విడిదిగదిలోకి వెళ్ళి నగలు తీయబోతే వల రాలేదు. సముద్రపు గాలికీ, ఉక్కకీ జుట్టు తడిసి తీగల్లో చిక్కుపడిపోయింది. స్నేహితురాళ్ళు తలో వైపూ లాగారు. "అమ్మో! చంపేస్తున్నారే!" అని వకుళ అరిచింది. జానకి వచ్చి చూసి, "ఇది వచ్చేలా లేదు, జుట్టు కత్తిరించాల్సిందే," అని కత్తెర అందుకుంది.

"వద్దమ్మా! అమ్మమ్మని పిలు," అంది వకుళ. చిన్నప్పుడు చింపిరి జుట్టుతో ఆడుకుని వస్తే, నొప్పి తెలియకుండా చిక్కు తీసింది అమ్మమ్మే మరి.

నాంచారమ్మ వచ్చింది. మనవరాలి కళ్ళల్లో నీళ్ళు చూసి కంగారుగా చేతులు చాచింది. చాచినవాటిని మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"తాకొచ్చా అమ్మా?" అని అడిగింది.

అంతే. వకుళ గుండె బద్దలైపోయింది. పుట్టిన రోజున తనను మొదట ఎత్తుకున్న చేతులు! జ్వరమొస్తే నుదుటి మీంచి తీయని చేతులు! ఇవాళ తన అనుమతి అడుగుతున్నాయి. "అమ్మమ్మా!" అని బావురుమంది. ఆ రెండు చేతులూ పట్టుకుని లాగి తన బుగ్గలకు అదుముకుంది.

"అయ్యో, గొలుసే తల్లీ... గొలుసు తెగుతుంది!"

"తెగనీ! నన్నింకెప్పుడూ అలా అడక్కు అమ్మమ్మా. నేనే పాపిష్టిదాన్ని, నీ చేతుల్ని అంత మాటన్నాను."

"ఛ, ఊరుకో. పండగపూట ఆ మాటలేంటి?" అంటూ ఆవిడా కళ్ళు తుడుచుకుంది. నుదుటి గొలుసు తెగనే తెగింది. ఎర్రరాయి మంచం కిందికి దొర్లింది. అప్పుడు దాన్ని ఎవరూ వెతకలేదు. నాంచారమ్మ మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరినూనె రాసి, పాయ తరవాత పాయ విడదీసింది. ముత్యాలు రాలిపోయాయి గానీ జుట్టులో ఒక్క వెంట్రుక కూడా కత్తిరించాల్సిన పని పడలేదు. చిక్కు వదిలాక కూడా వకుళ చాలాసేపు ఆ ఒళ్ళోంచి లేవలేదు.

తరవాత సోమాచారి ఆ ముత్యాలనే పట్టుదారంతో మళ్ళీ అల్లి, తెగిన గొలుసు కూడా అతికి ఇచ్చాడు. వకుళ వాటిని పెట్టుకోవడం మానలేదు, మానక్కర్లేదు కూడా. చక్కటి నగలవి, వాటి తప్పేముంది? కాకపోతే పెట్టుకున్న ప్రతిసారీ ముందు అమ్మమ్మ దగ్గరికెళ్ళి మొహం ముందుకు పెట్టేది. నాంచారమ్మ తనివితీరా నిమిరేది. గొలుసు పక్కకి జరిగితే వకుళ సర్దుకునేది కాదు, అలాగే పెళ్ళిళ్ళకు వెళ్ళేది.

పిల్లలూ, ఎంత కావాలంటే అంత ముస్తాబు చేసుకోండి. కానీ మనల్ని ప్రేమించే వాళ్ళు మనల్ని తాకడానికి జంకేలా చేసే అందం అందమే కాదు.