తవుటి సారం

భానోజీరావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు చేతికేదో పని అప్పగించేవారు. జవాబు ఆ పనిలో దొరికితే సరే, దొరక్కపోతే మర్నాడు మళ్లీ రమ్మనేవారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న పైడిరత్నానికి ఆ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ప్రయోగశాలలోకి వస్తూనే అడిగేసింది.

"మాస్టారూ, మా అన్నయ్యని పొట్టన పెట్టుకున్నదాన్నే నేను తయారుచేస్తున్నానా?"

ఆ ప్రశ్న నిజానికి వాళ్లమ్మ మాటతో పుట్టింది. సారాయికి అలవాటుపడి పెద్దకొడుకు ముప్పై నిండకుండానే పోయాడు. మొన్న ఊరెళ్లినప్పుడు రత్నం తన మూడేళ్ల కష్టం ఫలించిందని తల్లికి సంబరంగా చెప్పింది. మిల్లుల్లో మిగిలిన తవుడు, గోధుమ పొట్టు తెచ్చి, పల్చటి ఆమ్లంలో నానబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తుంది. దాంతో వాటి బిగువు సడలుతుంది. అప్పుడు బూజు లోపలికి చొరబడి వాటిని చక్కెరగా విడగొడుతుంది; ఆ చక్కెరను ఈస్టు పులియబెడితే ఇథనాల్. వేడి చాలకపోతే బూజుకు దారి దొరకదు, మించితే అదే తవుడులో బూజును చంపే విషం పుడుతుంది. ఆ రెంటి మధ్య సరైన చోటు పట్టుకోవడానికే ఆమెకు రెండేళ్లు పట్టింది. తల్లి అంతా విని, "అంటే సారాయే కదే," అంది. ఆ తర్వాత కూతురు బస్సెక్కేదాకా మాట్లాడలేదు.

"బళ్లకు పోసే ఇంధనమని చెప్పాను, వినలేదు. మానేద్దామనుకుంటున్నాను మాస్టారూ."

మాస్టారు బల్ల వైపు చూపించారు. నిన్న డిస్టిల్ చేసి నింపిన ఎనిమిది సీసాలు అక్కడున్నాయి. ఇంతకుముందెప్పుడూ గుక్కెడుకు మించి వచ్చింది లేదు. "ముందు వీటికి చీటీలు అంటించు. సింహాచలం స్టోరులో పెట్టేస్తాడు."

సింహాచలం అక్కడి అటెండరు. పదేళ్లలో ఏ పనీ కాదన్న మనిషి కాడు. రత్నం తవుడు బస్తాలన్నీ మోసింది అతనే. పిలవగానే వచ్చాడు. సీసాల దగ్గర వాసన తగలగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆసిడ్ డబ్బాలివ్వండమ్మా, మోస్తాను. ఇవి మాత్రం నా చేతికివ్వకండి," అన్నాడు నేల చూస్తూ. "మానేసి పదకొండేళ్లయింది. ఈ వాసనకి అదంతా నిన్న మొన్నటిలా ఉంది."

రత్నం సీసాలకూ అతనికీ మధ్యకు వచ్చి నిలబడింది.

"మీరు వెళ్లండి సింహాచలం గారూ, నేను చూసుకుంటాను," అంది రత్నం.

మూతలన్నీ మళ్లీ బిగించింది. తను అంటించిన చీటీల మీద అప్పటిదాకా తారీఖు, పరిమాణం మాత్రమే ఉన్నాయి. ప్రతిదాని మీదా ఎర్ర సిరాతో 'తాగరాదు' అని రాసింది. పగలంతా తెరిచే ఉండే స్టోరులోకి తనే రెండు విడతలుగా మోసుకెళ్లి, లోపలి అరలో సర్ది వచ్చింది. మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు.

"ఆయన సంగతి మీకు తెలుసా మాస్టారూ?"

"తెలీదమ్మా. అడగాలని తోచలేదు."

మాస్టారు తన జేబులోంచి స్టోరు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ ఇది ఆ భయమెరగని నా దగ్గర ఉండిపోయింది. ఇక నీ దగ్గరుండనీ," అన్నారు.