కంప్యూటరు లేని ఫ్యాను

దస్తగిరికి కూర్చోవడం రాదు.

కూర్చోవడం రానివాడు ఎవడుంటాడు అంటారేమో. ఊరికే కూర్చోవడం కాదు, గురువు కాశింతాత చెప్పినట్టు కూర్చోవడం. తెల్లవారి నమాజు అయినాక వీపు గోడకు ఆనించకుండా కూర్చోవాలి. ఊపిరి లోపలికి పోయేటప్పుడు మనసులో దేవుడి పేరు. బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ అదే పేరు. అంతే. చెప్పుకుంటే అరనిమిషం మాట.

అదే అతనివల్ల కాలేదు. నాలుగైదు ఊపిర్లకే మనసు లేచిపోయేది. ప్రొద్దుటూరులో మూసేసిన కొట్టు దగ్గరికి పోయేది. తమ్ముడితో మాటామాటా అనుకున్న రోజు దగ్గరికి పోయేది. ఇంకేమీ దొరక్కపోతే మధ్యాహ్నం కూర ఏమిటోనని పొయ్యి దగ్గరికైనా పోయేది. పోయిందని తెలిసిన మరుక్షణం దస్తగిరికి సిగ్గేసేది. "ఛీ, ఈ పొద్దుకు ఇంతే" అనుకుని లేచి, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని గుట్ట దిగేవాడు.

ఇట్లా ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ గుట్ట మీద ఒక చిన్న దర్గా ఉంది, దాని పక్కన మూడు రేకుల గదులు. మొదటి గదిలో కాశింతాత ఉంటాడు. నడిమి గది వంటకూ, వచ్చిపోయేవాళ్ళకూ. చివరి గదిలో హుసేనవ్వ ఉంటుంది. తాతకు గురువైన మనిషికి ఈమె భార్య. ఎనభై దాటిన మనిషి, ఊపిరాడని జబ్బుతో మంచం దిగక ఏడాది అయింది. వంట చేసేదీ, అవ్వను చూసుకునేదీ కుళ్ళాయమ్మ.

గురువారం గురువారం కింది ఊరి నుంచి మహబూబని ఇంకో శిష్యుడు వచ్చేవాడు. అతను కళ్ళు మూస్తే చాలు, చెంపల మీద నీళ్ళు కారేవి. గంటైనా కదిలేవాడు కాదు. అతన్ని చూసినప్పుడల్లా దస్తగిరి తన పొడి చెంపలు తడుముకునేవాడు. ఉన్నవాడికి దానంతట అదే వస్తుంది, నాకు లేదు, అనుకునేవాడు. అనుకుని అనుకుని, ఒక ఎండాకాలం పొద్దున బట్టలు సంచిలో కుక్కుకుని తాత గది ముందు నిలబడ్డాడు.

తాత తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు.

"తాతా, నేను పోతా."

"యాడికి?"

"ఊరికి. నాలుగు గంటల బస్సుకు."

"ఏమైంది?"

"ఏం కాలేదు తాతా. అదే బాధ. ఎనిమిది నెలలాయె, ఏం కాలేదు. మొదలుపెట్టేది, ఆగిపోయేది. మొదలుపెట్టేది, ఆగిపోయేది. నా లోపల అంత శక్తి లేదు. లేనిదాన్ని పట్టుకుని ఈడ ఎన్నాళ్ళని అన్నం తినేది?"

తాత దారాన్ని పంటితో కొరికి తెంపాడు. చెప్పు కాలికి తొడిగి, నేలకు రెండుసార్లు తాటించి చూసుకున్నాడు.

"పోదువులే. బస్సుకు ఇంకా శానా పొద్దుంది. అవ్వ గదిలో రేకులు కాలిపోతాండాయి, గాలి ఆడదు. విసిరి విసిరి కుళ్ళాయమ్మకు భుజం పట్టుకుపోయింది. నీకు ఆ వైర్ల పని తెలుసు గదా. ఏమన్నా చేసి పో."

దస్తగిరి తెల్లబోయాడు. ఉండమంటాడనుకున్నాడు. కాదంటే రెండు మాటలు తిడతాడనుకున్నాడు. ఈ రెండూ కాక పని చెప్పాడు.

సరే, పోయేవాడు ఒక మంచి పని చేసి పోతే తప్పేముంది? సంచి విప్పి అడుగున చేయి పెట్టాడు. పదిహేనేళ్ళు అతను చేసిన పని కంప్యూటర్లు బిగించడం. బల్ల మీద పెట్టుకునే పెద్ద పెట్టె కంప్యూటర్లు. జనం ఫోన్లకూ, ఒళ్ళో పెట్టుకునేవాటికీ అలవాటుపడ్డాక కొట్టు నడవలేదు. మూసిననాడు అందులోంచి మూడు ఫ్యాన్లు తెచ్చుకున్నాడు. పెట్టె లోపల వేడెక్కకుండా గాలి తోసే ఫ్యాన్లు, ఒక్కొక్కటి అరచేయంత. రెక్కల చుట్టూ రంగుల లైట్లు. ఎందుకు తెచ్చుకున్నాడో, గుట్ట మీదికి కూడా ఎందుకు మోసుకొచ్చాడో అతనికే తెలియదు.

ఫ్యాన్లున్నాయి గానీ వాటికి కరెంటిచ్చే కంప్యూటరు లేదు. గుట్ట మీదికి కరెంటు స్తంభాలే రాలేదు. ఉన్నదల్లా ఎవరో మొక్కు తీర్చుకుని ఇచ్చిపోయిన సోలారు పెట్టె. రేకుల మీద ఒక పలక, గదిలో ఒక చిన్న పెట్టె. రెండు బల్బులు వెలుగుతాయి, ఫోన్లు చార్జి అవుతాయి. దాని బలం అంతే.

దస్తగిరి పాత చార్జరు వైరు కోసి, పైన తొడుగు ఒలిచాడు. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది కలిపి టేపు చుట్టాడు. ఇనప కుర్చీ వీపుకు ఫ్యాన్ను తాడుతో కట్టి అవ్వ తలవైపు పెట్టాడు. పిన్ను పెట్టెలో గుచ్చాడు.

గది అంతా రంగులైంది. ఎరుపు, పచ్చ, నీలం ఒకదాని వెనక ఒకటి ఫ్యాను చుట్టూ పరుగులు తీశాయి.

రెక్క మాత్రం ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది.

"అబ్బో!" అంది కుళ్ళాయమ్మ ఎడమ చేత్తో విసనకర్ర ఊపుతూ. "మా అవ్వ గదికి ఉరుసు వచ్చింది గదా! గంధం ఎత్తేదొకటే తక్కువ."

అవ్వ కళ్ళు తెరిచింది. "ఏందే ఈ రంగులు? నేను గాని సొర్గానికి వచ్చినానా?"

"ఇంకా లేదులే అవ్వా. సొర్గమైతే గాలి ఉంటాది."

దస్తగిరికి చెవులు వేడెక్కాయి. "నవ్వద్దక్కా. లైట్లకు ఐదు వోల్టులు చాలు, అందుకే ఎలిగినాయి. ఫ్యానుకు పన్నెండు కావాల. ఈ పెట్టె ఐదే ఇస్తాది."

"పన్నెండిచ్చేది యాడ దొరుకుతాది?"

"కిందికి పోవాల."

"పోతే ఇంక రావు గదా నువ్వు," అంది కుళ్ళాయమ్మ. మళ్ళీ విసురుతూ కూర్చుంది.

రెండో ఫ్యాను కట్టి చూశాడు. అదీ ఉలిక్కిపడి ఆగింది. మూడోది ఆ ఉలికిపాటు కూడా పడలేదు. మొదటిదాన్నే మళ్ళీ కట్టి, లైట్లే ఉన్న కాస్త కరెంటునూ తినేస్తున్నాయేమోనని వాటి వైరు పీకేశాడు. గది మామూలైంది. రెక్క కొంచెం ఎక్కువ వణికింది, అంతే.

"తీసేసినావా? పచ్చది బాగుండె," అంది అవ్వ.

పెట్టెకు రెండు రంధ్రాలుంటే, రెండింటి బలమూ ఒకదానికొకటి కలుపుదామని చూశాడు. పెట్టె టక్కుమని ఆరిపోయింది. అది మళ్ళీ బతికేదాకా గది ముందు అటూ ఇటూ తిరిగాడు. ఎండ నెత్తిన కొడుతోంది. రాళ్ళ మీద అరికాళ్ళు కాలుతున్నా చెప్పులు వేసుకోవాలని తోచలేదు. వెళ్ళి నీళ్ళు తాగాడు. వచ్చి వైరు కొస మళ్ళీ ఒలిచాడు. మళ్ళీ వెళ్ళాడు. వెయ్యి కంప్యూటర్లు బిగించినవాణ్ణి, ముసలామెకు ఇంత గాలి ఇవ్వలేకపోతున్నానే అని పళ్ళు నూరుకున్నాడు. మంచి ఫ్యానే. ఎదురుగా కరెంటూ ఉంది. అయినా కదలదు. దాన్ని చూస్తుంటే తన ముఖం తనే చూసుకున్నట్టుండి, కోపమొచ్చి చూపు తిప్పుకున్నాడు.

అవ్వ ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. కుళ్ళాయమ్మ చేయి మార్చి చేయి మార్చి విసురుతోంది. ఒకసారి విసనకర్ర జారి కింద పడితే, వంగి తీసుకోవడానికి ఆమెకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

మూడు దాటాక తాత గదిలోకి వచ్చాడు. ఫ్యాను ముందు గొంతుకూర్చున్నాడు.

"ఏమంటాది?"

"చాలదంటాంది తాతా."

"దేనికి చాలదు?"

"తిరిగేదానికి. చూడండి, వణుకుతాంది. అంతకు మించి దాని చాత కాదు."

తాత కాసేపు ఆ వణుకునే చూశాడు. చిన్నపిల్ల చేయి పట్టి చూసినట్టు కుర్చీ వీపు మీద వేళ్ళు ఆనించి చూశాడు. తర్వాత పక్కకు ఒంగి, మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల లాగాడు. ఆ పుల్లతో రెక్క అంచును మెల్లిగా తోశాడు.

రెక్క ఒక చుట్టు తడబడుతూ తిరిగింది. రెండో చుట్టు ఆగుతుందా అన్నట్టు తిరిగింది. మూడో చుట్టు నుంచి దాని దారి అది పట్టుకుంది. రెక్కలు కలిసిపోయి పొగలాగా అయ్యాయి. చప్పుడు లేదు. అవ్వ చెవి పక్కన తెల్ల వెంట్రుకలు నాలుగు లేచి ఊగడం మొదలుపెట్టాయి.

"ఆఁ..." అంది అవ్వ కళ్ళు మూసుకుని. "వస్తాంది."

కుళ్ళాయమ్మ విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని భుజం పట్టుకుంది.

దస్తగిరి మాత్రం నిలబడ్డచోటి నుంచి కదల్లేదు. సంతోషపడాల్సిన మనిషి ముఖం చిన్నది చేసుకున్నాడు.

"అది లెక్కలోకి రాదు తాతా."

"ఎందుకు రాదు?"

"మీరు తోసినారు గదా! దానంతట అది తిరగలేదు. మా కొట్లో తెచ్చిన ఫ్యానునల్లా తగిలించి చూస్తాంటిమి. తనంతట తాను లేస్తేనే మంచిది. ఏలు పెట్టి కదిపితే గాని తిరగందాన్ని చెడిపోయిన వాటిల్లో పారేస్తాంటిమి. పదైదేండ్లు నా చేత్తోనే పారేసినా."

తాత ఫ్యాను వైపు చూశాడు.

"ఇప్పుడు ఎవురు తోస్తాండారు?"

దస్తగిరి వైరు వెంబడి పెట్టె దాకా చూపు పోనిచ్చాడు. చివరికి, "ఎవురూ లేరు," అన్నాడు. "ఆ ఐదు వోల్టులే తిప్పుతాండాయి."

"చాలదంటివే?"

"తిరుగుతాండేటప్పుడు చాలుతాది తాతా. మొదట లేచేదానికే చాలదు." ఆ మాట నోట్లోంచి వచ్చాక తనకే కొత్తగా వినిపించినట్టు ఒక్క క్షణం ఆగాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "అయినా ఇది నిలిచే పని కాదు. ఏదన్నా తగిలితే ఆగిపోతాది. మబ్బు పట్టి పెట్టె నీరసపడినా ఆగిపోతాది."

"తోస్తాను."

"మళ్ళీ ఆగితే?"

"తోస్తాను."

"ఎన్నిసార్లని తోస్తారు తాతా?"

"ఆగినన్నిసార్లు."

తాత చీపురుపుల్ల మంచం పట్టె మీద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచి, బయటికి వెళ్ళిపోయాడు.

దస్తగిరి అక్కడే నిలబడ్డాడు. తర్వాత కుర్చీ ముందు కూర్చున్నాడు. లైట్ల వైరు తీసుకుని భయంభయంగా మళ్ళీ గుచ్చాడు. ఫ్యాను కొంచెం మందగించింది గానీ ఆగలేదు. ఆ వైరుకున్న చిన్న మీట నొక్కుతూ పోయి పచ్చరంగు దగ్గర నిలిపాడు. అవ్వ ఒక కన్ను తెరిచి చూసి మూసింది.

కుళ్ళాయమ్మ అవ్వకు అంబలి తెచ్చింది. గిన్నె అందించబోతూ వంగేసరికి ఆమె కొంగు ఎగిరి రెక్కకు తగిలింది. ఫ్యాను ఆగిపోయింది.

"అయ్యయ్యో! ఆపేస్తినే పాడుదాన్ని!"

ఆమె మాట పూర్తి కాకముందే దస్తగిరి పుల్ల అందుకున్నాడు. తోశాడు. తడబడింది. ఇంకోసారి తోశాడు. తిరిగింది.

"నువ్వు పోయి కాసేపు నడుం వాల్చక్కా. నేనుంటా."

"నీకు బస్సుంది గదా."

"ఉంటే ఉండనీ. నువ్వు పో."

ఆమె వెళ్ళింది. గదిలో అవ్వ ఊపిరీ, కనిపించని రెక్కా మిగిలాయి. దస్తగిరి గోడకు జరగబోయి, ఆగి, ఉన్నచోటే నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు మూశాడు. ఊపిరి లోపలికి, ఒక పేరు. ఊపిరి బయటికి, అదే పేరు. కాసేపటికే మనసు కొట్టు మెట్లెక్కి, షట్టరు తీసి, తమ్ముడి మీద అరుస్తోంది. అది తెలిసి ఎప్పటిలాగే సిగ్గేసింది. లేవడానికి చేయి నేలకు ఆనించాడు కూడా. ఆ చేయి అట్లాగే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా తిరిగి మోకాలి మీదికి వచ్చింది.

ఊపిరి లోపలికి. ఒక పేరు.

పోయింది. వచ్చాడు. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చాడు. చెమట కంట్లో పడి మండుతోంది. వీపు లాగుతోంది. ఏ నీళ్ళూ చెంపల మీద కారలేదు.

వాకిట్లోంచి కుళ్ళాయమ్మ అరిచింది. "దస్తగిరీ! బస్సు కింద మలుపు తిరుగుతాంది. ఇప్పుడు పరిగెత్తినా అందుకుంటావు, లెయ్!"

దస్తగిరి కళ్ళు తెరిచాడు. ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"అరవద్దక్కా," అన్నాడు. "యాడిదాకా వచ్చినానో మర్చిపోతి. మళ్ళీ మొదటి నుంచి పట్టుకోవాల."

కళ్ళు మూసుకున్నాడు.