పదమూడో విస్తరి

1978 జూన్ 13, మంగళవారం. మృగశిర వచ్చి అయిదు రోజులైనా చినుకు లేదు, పొద్దున్నే వడగాలి లేచింది. పునీత అంతోనివారి పండుగ.

ఆ ఉదయం, ఫాదర్ కావడానికి చదువుతున్న గురువిద్యార్థి ఇన్నాసి, ఊరి చర్చి చూసుకునే విచారణ గురువు చిన్నప్పగారిని అడిగాడు: "ఫాదర్ గారూ, పేదలకు పెట్టవలసింది మనమా, సర్కారా? సర్కారు అన్నంలో ప్రేమ ఉండదు కదా." ఇన్నాసి ఈ సంగతి మీదే వ్యాసం రాసి మెప్పు పొందినవాడు. జవాబు తన దగ్గరే ఉంది, పెద్దాయన ఔనంటే చాలు. అయితే ప్రశ్న వేసినవాణ్ణి ఏదో పనిమీద పంపడం చిన్నప్పగారి అలవాటు. ఒకసారి బిషప్పు మేత్రాణులవారు ఏదో అడిగితే ఆయన్నీ కోళ్లగూడు చూసి రమ్మన్నారని చెప్పుకుంటారు. నిజమెంతో మరి.

అంతలో ఊరి మోతుబరి శౌరిరెడ్డి చెమటలు కక్కుతూ వచ్చాడు. మనవడి విషజ్వరం తగ్గితే పండుగనాడు పదముగ్గురు పేదలకు అన్నం పెడతానని మొక్కుకున్నాడు. పిల్లవాడు లేచి తిరుగుతున్నాడు, వంటా అయింది. తినేవాళ్లే లేరు.

"ఊళ్లో ఒక్క బీదవాడు దొరకడంలేదు స్వామీ. సర్కారు రోడ్డుపని పెట్టి కూలికి బియ్యం కొలుస్తోంది, అందరూ అక్కడే. పొద్దుగూకేలోగా మొక్కు తీరకపోతే పిల్లాడికేమవుతుందోనని మా ఇంటిది ఒకటే ఏడుపు."

"ఇన్నాసీ, వెళ్లి పిలుచుకురా" అన్నారు చిన్నప్పగారు.

రోడ్డు మీద మార్తమ్మ మట్టితట్ట దించకుండానే నవ్వింది. "మేం రేపూ బీదవాళ్లమేనని రెడ్డిగారితో చెప్పు, బ్రదరయ్యా. ఇవాళ మాత్రం తీరిక లేదు." మధ్యలో వదిలి వెళితే మేస్త్రీ బియ్యం కొలవడట. ఇంత ప్రేమగా పిలిస్తే రాకపోవడమేమిటని ఇన్నాసికి ఉక్రోషం వచ్చింది. ఆమె ఇంకోమాట అంది: "మీ అన్నానికి కాళ్లుంటే దాన్నే ఇటు రమ్మను."

మధ్యాహ్నానికి అన్నం బండెక్కి వచ్చింది. శౌరిరెడ్డి తలకు తుండు చుట్టుకుని తుమ్మల నీడన విస్తళ్లు వేశాడు. వడ్డించడం ఎన్నడూ ఎరగడు, పప్పు కొంత విస్తట్లో, కొంత మోకాళ్ల మీద పడింది. ముఠాలో పన్నెండుమందే. మిగిలిన విస్తరి ముందు మేస్త్రీ కూర్చోబోతే "నువ్వు లే, సర్కారువాడివి" అని మార్తమ్మ లేపేసింది.

"మరి పదమూడోవాళ్లెవరు?" అన్నాడు శౌరిరెడ్డి, ఎండకేసి చూస్తూ.

"మా ఆరోగ్యమ్మత్త ఉంది. తట్ట మొయ్యలేదని మేస్త్రీ పేరు రాసుకోలేదు. నడవలేదు గనక మీ వాకిటికీ రాదు. మేం వండుకున్నదాంట్లోనే ఇంత పెడుతున్నాం."

ఇన్నాసి ఆ మాటకు తన వ్యాసంలో చోటు వెతికాడు, దొరకలేదు.

శౌరిరెడ్డి విస్తరీ గిన్నే పట్టుకుని రోడ్డు పక్కనే ఉన్న ఆమె పాకలోకి వంగి వెళ్లాడు. ముసలామె నిదానంగా రెండు ముద్దలు తిని, ఎవరికోసం మొక్కని అడిగింది. మనవడికోసమన్నాడు.

"వాణ్ణి తేకుండా అన్నమొక్కటే తెచ్చావా నాయనా?"

పొద్దువాలకముందే పిల్లవాడు వచ్చాడు. ఆమె వాడి నుదుట సిలువ గుర్తు వేసింది. మొక్కు తీరింది. ఆ తరువాత అంతోనివారి వారమైన మంగళవారాల్లో వాడే తాతను ఆ పాకకు లాక్కొచ్చేవాడు. ఇన్నాసి తాలూకా ఆఫీసు వరండాలో పడిగాపులు కాసి, కూలీల పసిపిల్లలను చూసే పనికి ఆమె పేరు రాయించాడు. పిల్లలను పాక దగ్గరే దించి వెళ్లేవారు. సర్కారు బియ్యమూ ఆ గడపకు చేరింది.

కొన్నేళ్లకు ఆరోగ్యమ్మ కన్నుమూసింది. పోయేముందు పాకా రాచిప్పా మార్తమ్మకిచ్చింది, పొదుగుతున్న పెట్టను శౌరిరెడ్డి మనవడికిచ్చింది. సమాధి నుంచి తిరిగివస్తూ ఇన్నాసి అన్నాడు: "మన విచారణ చర్చికేమీ రాలేదు, సర్కారుకేమీ రాలేదు, ఫాదర్ గారూ."

"రాకూడదు" అన్నారు చిన్నప్పగారు. "వారసులు వేరు, బాధ్యులు వేరు."